వేళ్ళతో చదివిన పుస్తకం

బెన్వెనూతాకు అక్షరం ముక్క రాదు. అందులో ఆమె తప్పేమీ లేదు. ఫెల్త్రే పట్నానికి పైన, కొండ మలుపులో ఉన్న ఆ కన్యస్త్రీల మఠంలో రెండు రకాల మనుషులుండేవారు. పెద్దిళ్ళ నుంచి భూములు రాసిచ్చి వచ్చినవాళ్ళు గుడిలో కీర్తనలు పాడేవారు, లాటిన్ చదివేవారు. వట్టి చేతులతో వచ్చినవాళ్ళు వంట చేసేవారు, బట్టలుతికేవారు, రోగులకు సేవ చేసేవారు. ఈ రెండో రకం వాళ్ళకు చదువు చెప్పకూడదని నియమం. గరిట పట్టే చేతికి కలమెందుకని ఎవరో మహానుభావుడు ఎప్పుడో రాసిపెట్టి పోయాడు. ఆయనకు ఎన్నడూ జబ్బు చేసి ఉండదు.

మఠంలో ఇంకో నియమం మౌనం. మధ్యాహ్నం ఒక్క గంట తప్ప రోజంతా నోరు విప్పకూడదు. నోరు విప్పవద్దంటే మనుషులు మాట్లాడుకోవడం మానేస్తారా? చేతులు విప్పారు. రొట్టెకొక సైగ, ఉప్పుకొక సైగ, "ఆవిడ మళ్ళీ గుడిలో కునుకు తీసింది" అనడానికొక సైగ. ఏ మఠంలోనైనా ఇలాంటివి వందో నూటయాభయ్యో ఉంటాయి. ఇక్కడి రోగుల గదిలో మాత్రం ఆరేడు వందలు పోగుపడ్డాయి. నొప్పి ఎక్కడో చెప్పడానికే పదిహేనున్నాయి. గుచ్చే నొప్పి వేరు, లాగే నొప్పి వేరు, తెల్లవారుజామున వచ్చే నొప్పి వేరు. ఆ గదిని ఇరవై ఆరేళ్ళుగా చూసుకుంటున్నది బెన్వెనూతా. ఆమెది ఇంకా పై లోయ. అక్కడి మాటే వేరు, కింది పట్నం వాళ్ళకు సగం అర్థం కాదు. సైగల్లో మాత్రం ఆమెను మించినవాళ్ళు లేరు.

పదేళ్ళ కిందట ఊళ్ళన్నీ జ్వరంతో మంచం పట్టిన ఏడాది ఆమెకూ జ్వరం వచ్చింది. మనిషి లేచింది గానీ జ్ఞాపకం పూర్తిగా లేవలేదు. మందుల పేర్లు గుర్తుండేవి, పాళ్ళు జారిపోయేవి. ఆ చలికాలంలోనే తొమసీనా అనే పడుచు పిల్లకు కాళ్ళు వాచాయి. వాపుకు నక్కవుల్లి వాడతారు. సముద్రం ఒడ్డున పెరిగే పెద్ద గడ్డ అది. వర్తకులు తెచ్చి ఇస్తే రేకలు విడదీసి, ఎండబెట్టి, పులిసిన ద్రాక్షరసంలో నానబెట్టి, తేనెతో ఇస్తారు. సరిగ్గా వేస్తే వాపు తీస్తుంది, ఎక్కువైతే గుండె ఆపుతుంది. బెన్వెనూతా రెండు వేయాల్సిన చోట నాలుగు రేకలు వేసింది. తొమసీనాకు పంతొమ్మిదేళ్ళు.

దాని తరువాత ఆమె ఎవరికీ మందు ఇవ్వనని మొండికేసింది. చేతులు కొంగు కింద దాచుకుని మూల కూర్చునేది. అప్పుడు రోగుల గదిలో కాళ్ళవాపుతో పడి ఉన్న అల్తడొన్నా ఒకనాటి మధ్యాహ్నం, మాట్లాడే గంటలో, ఆమెను పిలిచింది. అల్తడొన్నా వెనిస్ పెద్దింటి మనిషి, మఠంలో పుస్తకాలు రాసేవాళ్ళలో అందరికన్నా మంచి చేతిరాత ఆమెది.

"ఒసే, నీ బుర్ర చిల్లుల కుండైంది. కారిపోయేలోపల పట్టి దాచుకుందాం. నువ్వు చెప్పు, నేను రాస్తాను."

"రాసి ఏం లాభం అక్కా? నేను చదవలేను గదా. మందు కలిపేటప్పుడల్లా మిమ్మల్ని పిల్చల్లనా?"

"నువ్వు చదివేలాగే రాస్తాను. నీకు ఆరేడొందల సైగలొచ్చు. ఆ సైగకొక గుర్తు, ఈ సైగకొక గుర్తు. బొటనవేలు ముడిస్తే ఇలా సున్నా. అరచెయ్యి తిప్పితే ఇలా మెలిక. పిడికిలైతే నిలువు గీత. నీ చెయ్యి ఎలా కదులుతుందో కలం అలా కదులుతుంది. అంతే కదా?"

అంతే. ఎంత చిన్న విషయమో చూడండి. అంత చిన్న విషయం అంతకు ముందు ఎవరికీ తోచలేదు, ఎందుకంటే చదువు రానివాళ్ళ కోసం పుస్తకం రాయాలని ఎవరికీ అనిపించలేదు.

తొమ్మిదేళ్ళు పట్టింది. బెన్వెనూతా మంచం పక్కన కూర్చుని చేతులతో చెప్పేది. అల్తడొన్నా ముందు మైనం పలక మీద గీసేది. బెన్వెనూతా ఆ గీతల వెంట తన వేళ్ళు కదుపుతూ చదివి, తప్పుంటే తల అడ్డంగా ఊపేది. పలక మీదే చెరిపి, దిద్ది, ఇద్దరికీ నమ్మకం కుదిరాకే తోలు కాగితానికి ఎక్కించేవారు. మొక్కల బొమ్మలు కూడా బెన్వెనూతా ఎలా చెబితే అల్తడొన్నా అలాగే వేసింది. బెన్వెనూతా మొక్కను చేత్తో ఎరుగును, అందుకే బొమ్మలో వేరు పెద్దది, ఆకు చిన్నది. చలిలో తవ్విన దుంప, వేసవిలో పూసిన పువ్వు ఒకే కొమ్మకు ఉండేవి. నడుము నొప్పుల ముసలమ్మలను ఆకుపచ్చటి మందునీళ్ళలో కూర్చోబెట్టే పద్ధతికి తొట్టెల బొమ్మలు వేసింది. పుస్తకాన్ని ఎక్కడా దాచలేదు. పులిసిన రసం జాడీల పక్కన అలమరలో ఉండేది.

మొదటి పుట పూర్తిగా చదివిన రోజు బెన్వెనూతా ఏడ్చింది. ఏభై ఏళ్ళకు దగ్గరపడిన మనిషి, పసిపిల్లలా ముక్కు తుడుచుకుంటూ మళ్ళీ మొదటి నుంచి చదివింది. ఆ తరువాత తొమ్మిదేళ్ళలో ఆమె చేతుల్లో మందు వికటించి ఒక్కరూ పోలేదు.

ఈస్టరుకు ముందు ఉపవాసాలుండే తపస్సు కాలం రెండో వారంలో, మంచు ఇంకా కరగక ముందే, బిషప్‌గారు పంపిన ఒడొరీకో స్వామి మఠం తనిఖీకి వచ్చాడు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే పోట్లాడవచ్చు, శపించవచ్చు. ఉపవాసాలు ఉండేవాడు, తన గాడిదకు తనే గడ్డి వేసేవాడు, బాగా చదువుకున్నవాడు. ఆ చదువే ముంచింది. రోగుల గది అలమరలో పుస్తకం చూసి, రెండు పుటలు తిప్పి, అక్కడే నిలబడిపోయాడు.

సాయంత్రం సభ గదిలో బల్ల మీద దాన్ని పెట్టించి బెన్వెనూతాను పిలిపించాడు. పక్కన మఠాధిపతి రికెల్డా అమ్మ కూర్చుని ఉంది.

"ఇదేం భాష?"

"భాష కాదు సామీ. సైగలు."

"నాకు నాలుగు లిపులు తెలుసు. ఇంకో మూడు చూస్తే గుర్తుపడతాను. ఇది వాటిల్లో ఏదీ కాదు. ఎవరికీ తెలియని లిపిలో ఎందుకు రాశారు? దాచాల్సిందేముంది?"

"దాచల్లని కాదు సామీ. నాకు తెలిసే లిపిలో రాసినారు. నాకు తెలిసింది ఇదొక్కటే."

ఆయన రికెల్డా అమ్మ వైపు చూశాడు. పనిమనిషి తనను ఆట పట్టిస్తోందేమోనని ఆయన అనుమానం.

"ఇన్ని పుటల్లో ఒక్క కొట్టివేత లేదు, ఒక్క దిద్దుబాటు లేదు. నేను ఉత్తరం రాస్తేనే ఆరు చోట్ల గీకుతాను. మనిషి ఆలోచించి రాస్తే తప్పు రాయకుండా ఉంటాడా? ఈ మొక్కలు ఏ వైద్య గ్రంథంలోనూ లేవు. ఈ ఆడవాళ్ళేంటి, బట్టల్లేకుండా పచ్చనీళ్ళలో?"

"నడుం నొప్పికి సామీ. బట్టలతో ఎవురన్నా నీళ్ళలో కూర్చుంటారా?"

రికెల్డా అమ్మ దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. స్వామి నవ్వలేదు.

మరునాడు ఆయన పరీక్ష పెట్టాడు. న్యాయంగానే పెట్టాడు. పుస్తకం రాసిన అల్తడొన్నాను, బెన్వెనూతాను వేరు వేరు గదుల్లో ఉంచి, ఒకే పుట చూపించి, పైకి చదవమన్నాడు. చెప్పింది చెప్పినట్టు గుమాస్తా రాసుకున్నాడు. బెన్వెనూతా వేళ్ళు కదుపుతూ, పుట మీద గుర్తుకు సైగ, సైగకు తన లోయ మాట వెతుక్కుంటూ చదివింది.

"ఏరు తవ్వకరావల్ల. మట్టి పోయేదాకా ఏటి నీళ్ళలో కడగల్ల. పాలు పొంగేంత సేపు పొయ్యి మీద పెట్టల్ల. ముసిలామెకైతే సగమే పోయల్ల."

అల్తడొన్నా తన వెనిస్ మాటలో చదివింది.

"వేరు సేకరించి శుభ్రం చేసుకోవాలి. ఒక పొంగు వచ్చేవరకు మరిగించాలి. వయసు మళ్ళినవారికి ఇచ్చే మోతాదు సగానికి తగ్గించాలి."

రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని స్వామి వేలితో ఒక్కో మాటా పోల్చి చూశాడు.

"ఒకే పుట. ఒకటి రెండు మాటలు తప్ప ఏదీ కలవలేదు."

"అర్థం ఒకటే కదా స్వామీ," అంది రికెల్డా అమ్మ మెల్లగా.

"అర్థం ఒకటైతే మాటలు రెండెందుకమ్మా? రాసి ఉన్నదాన్ని ఎవరు చదివినా ఒకటే రావాలి. సువార్త మీరు చదివితే ఒక మాట, నేను చదివితే ఒక మాట వస్తుందా? వీళ్ళు ముందే కూడబలుక్కున్నారు. కూడబలుక్కోవడం కూడా సరిగ్గా చేతకాలేదు."

అక్షరం అంటే నోటి మాటకు వేసిన గుర్తని ఆయన పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ నమ్మాడు. చేతి కదలికకు కూడా గుర్తు వేయవచ్చని ఎంత చెప్పినా గోడకు చెప్పినట్టే అయింది. రాయగల చెయ్యి అల్తడొన్నాది కాబట్టి నేరం ఆమెదన్నాడు. ఆమెను మెట్ల కింద ఉన్న పశ్చాత్తాపం గదిలో పెట్టించాడు. కిటికీ లేదు, గడ్డి పరుపు లేదు, బార్లీ రొట్టె, నీళ్ళు. అరవై ఆరేళ్ళ మనిషి, వాపు కాళ్ళు. మూడు రోజులు.

మూడో రోజు తీర్పు చెప్పాడు. ఈ రాతకు అర్థం ఉందని ఇంకా వాదిస్తే అది తనకు తెలియని అర్థం, తెలియనివ్వని అర్థం. అంటే మంత్రవిద్య. పుస్తకం నిప్పుల్లోకి, ఇద్దరూ ఫెల్త్రే న్యాయస్థానానికి. అలా కాక, ఇదంతా పనిలేని ఆడవాళ్ళు కాలక్షేపానికి గీసిన పిచ్చిగీతలని సువార్త మీద ప్రమాణం చేస్తే, నలభై రోజుల ఉపవాసంతో సరి. పుస్తకాన్ని వింతవస్తువుగా బిషప్‌గారి దగ్గర పెట్టిస్తాడు. పనివాళ్ళ సైగలు మాత్రం నేటి నుంచి బందు. ఆయన దృష్టిలో అది దయ. నిజంగా దయ చూపిస్తున్నాననే అనుకున్నాడు.

అల్తడొన్నా ఒట్టు పెట్టనంది. రికెల్డా అమ్మ బెన్వెనూతాను పక్కకు తీసుకుపోయింది.

"ఆవిడకు పంతం. చచ్చినా అబద్ధం ఆడదు. నువ్వు ఒట్టు పెట్టుకో. పుస్తకం బతుకుతుంది, ఆవిడా బతుకుతుంది, మఠమూ బతుకుతుంది. ఒక్క మాట."

"సువార్త మీద అబద్ధం చెప్పల్లనా అమ్మా?"

"ఆ పాపం నా నెత్తిన వేసుకుంటాను. పద."

అడకత్తెరలో పోకచెక్క ఎంతసేపు ఆలోచిస్తుంది? బెన్వెనూతా సువార్త మీద చెయ్యి వేసి, తమ పుస్తకంలో ఏమీ లేదని చెప్పింది. స్వామి కళ్ళు మూసుకుని దేవునికి కృతజ్ఞత చెప్పుకున్నాడు. గుమాస్తా నివేదిక రాశాడు. ముద్ర వేశారు.

మెట్ల కింది గది తలుపు తీసి చూసేసరికి అల్తడొన్నా గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పడుకుంటే ఊపిరి ఆడక రాత్రులన్నీ అలాగే కూర్చుందట. పెదవులు నల్లబడ్డాయి. బెన్వెనూతా ఆమె కాలి మీద వేలు పెట్టి నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. వాపు మోకాలు దాటి తొడల దాకా వచ్చింది.

ఇద్దరు పట్టుకుని రోగుల గదికి చేర్చారు. బెన్వెనూతా జాడీ మూత తీసి, నక్కవుల్లి రేకల ముందు నిలబడి, అక్కడే ఆగిపోయింది. వాపు చీలమండ దగ్గరుంటే ఒకటి. మోకాలి కిందైతే రెండు. ఏటేటా అల్తడొన్నాకు వేస్తున్నది ఇవే కాబట్టి ఇవి చేతికి అలవాటైనాయి. మోకాలు దాటితే? ఈ పదేళ్ళలో ఎవరికీ దాటలేదు. దానికొక లెక్క ఉంది, పుస్తకంలో ఆ పుట ఉంది, ఎడమ పక్క గడ్డ బొమ్మ కూడా కళ్ళకు కట్టినట్టు కనబడుతోంది. వాపు ఎక్కువైంది కాబట్టి పెంచాలా, గుండె అలసింది కాబట్టి తగ్గించాలా అన్నదే గుర్తుకు రాలేదు.

"మీరే గదక్కా రాసింది. గుర్తు చేసుకోండి. మూడా? ఒకటా?"

అల్తడొన్నాకు మాట్లాడే ఊపిరి లేదు. దుప్పటి కింద చెయ్యి కదిపింది. సైగలు బందైన మొదటి రోజు అది. రాసేవాళ్ళకు గుర్తుంటుందా పిచ్చిదానా, గుర్తుండక్కర్లేదనే కదా రాసేది, అంది ఆ చెయ్యి.

"పొద్దున్నే ఆయన పోతాడు. నేను పోయి నిజం చెప్పేస్తా. ఒక్క పుట చూడనియ్యమంటా."

వద్దు, అంది చెయ్యి. కాలుస్తాడు. తొమ్మిదేళ్ళు. ఉండనీ.

"ఎవురి కోసం ఉండల్లక్కా?" బెన్వెనూతా గొంతు పెరిగింది. మౌనం పాటించే వేళ అని కూడా చూసుకోలేదు. "సైగలే లేకుండా పోతే దాన్ని చదివేదెవురు? మన పనిపిల్లలకు నేర్పకూడదంట. మీరూ నేనూ పోతే లోకంలో ఒక్క మనిషికీ అర్థం గాదు. అంత ముద్దుగా రాసుకున్నది, గోడ మీద తేమ మచ్చకూ దానికీ తేడా ఉండదు."

ఎప్పుడో ఎవరో ఒకరు, అని మొదలుపెట్టింది చెయ్యి.

"ఎవురూ రారు."

అల్తడొన్నా చెయ్యి దుప్పటి మీద బోర్లా పెట్టేసింది. అంటే ఇక వాదించను, నీ ఇష్టం అని.

పొద్దున్నే మఠం వాకిట్లో స్వామి గాడిద మీద సంచులు కట్టిస్తున్నాడు. బెన్వెనూతా బురదలో మోకాళ్ళ మీద కూర్చుంది.

"సామీ, నిన్న చెప్పింది అబద్ధం. ఆ పుస్తకంలో మందులుండాయి. అక్క చచ్చిపోతాంది. ఒక్క పుట చూపించండి. చూసినాక కాల్చుకోండి, నన్ను యాడికన్నా తీసుకుపోండి."

స్వామి ముఖం పాలిపోయింది.

"ముందు ఇద్దరూ రెండు రకాలుగా చదివారు. నిన్న ఏమీ లేదని ఒట్టేశావు. ఇవాళ ఉందంటున్నావు. ఈ మూడింటిలో దేన్ని నమ్మమంటావమ్మా?"

"దీన్ని నమ్మండి సామీ. దీంట్లో నాకేం లాభముందని?"

అది ఆయనకు తగిలింది. పుస్తకం ఉన్న సంచి తాడు మీద చెయ్యి ఆగింది. ఆ ఒక్క క్షణం ఆయన సంచి విప్పేవాడేమో. గుమ్మంలో నుంచి రికెల్డా అమ్మ గబగబా వచ్చింది. మఠంలో ఆమెను నమ్ముకుని ముప్ఫై ఒక్క మంది కన్యస్త్రీలున్నారు, మంత్రవిద్య అన్న మాట మఠం మీద పడితే వాళ్ళ గతేమిటన్నది ఆమె కళ్ళ ముందుంది.

"పట్టించుకోకండి స్వామీ. జ్వరం వచ్చిన దగ్గర్నుంచీ ఆమెకు మతి సరిగా లేదు. ఎవరినైనా అడగండి. పదేళ్ళ కిందట ఒక పిల్లకు మందు తప్పిచ్చి చంపింది కూడా."

బెన్వెనూతా తల తిప్పి ఆమెను చూసింది. చెప్పిన ప్రతి మాటా నిజమే.

స్వామికి ఎంత ఊరట కలిగిందో! గాలి పీల్చుకుని, వంగి, బెన్వెనూతా తల మీద చెయ్యి పెట్టాడు. "పిచ్చితల్లీ. లే. నేనేమీ వినలేదు. నివేదికకు ముద్ర పడింది, అందులో అర్థం లేదనే ఉంది. నీకు మేలే జరిగింది. వెళ్ళి ఆవిడ కోసం ప్రార్థన చెయ్యి."

గాడిద కొండ దారిన దిగిపోయింది. దాని మెడలోని గంట చప్పుడు కనబడని మలుపు నుంచి కూడా కాసేపు వినిపించింది. బెన్వెనూతా లేచి, బురద చేతులు కడుక్కుని, రోగుల గదికి వెళ్ళింది. జాడీలో నుంచి మూడు రేకలు తీసింది. ఒకటి వెనక్కు వేసింది. మళ్ళీ తీసింది. తేనె కలిపి, అల్తడొన్నా తల ఎత్తి పట్టుకుని, చెంచాతో కొంచెం కొంచెంగా తాగించింది. అల్తడొన్నా మొత్తం తాగింది. చేదు, అని చెయ్యి కదిపి నవ్వబోయింది.

సాయంత్రానికి వాంతులు పట్టుకున్నాయి. వాపు కాస్త తగ్గినట్టే ఉంది, నాడి మాత్రం ఆగి ఆగి కొట్టుకుంటోంది. మందు ఎక్కువైతే అలాగే ఉంటుంది. జబ్బు ముదిరినా అలాగే ఉంటుంది. మరునాడు మధ్యాహ్నం, మాట్లాడే గంట మొదలైన కాసేపటికి, చావుబతుకుల్లో ఉన్నవాళ్ళను దింపే ఆచారం ప్రకారం ఆమెను నేల మీద బూడిద పరిచి పడుకోబెట్టారు. కొయ్యపలక మీద సుత్తితో కొట్టి అందరినీ పిలిచారు. అందరూ వచ్చేలోపలే అయిపోయింది.

పాటలు పాడేవాళ్ళు పాడారు. ఒక్కొక్కరే వెళ్ళిపోయాక రికెల్డా అమ్మ మిగిలింది. బెన్వెనూతా బూడిదలోనే కూర్చుని అల్తడొన్నా చెయ్యి పట్టుకుని ఉంది. ఆ వేళ్ళను ఒక్కొక్కటిగా చాపుతోంది, మడుస్తోంది. అవి ఇంకా బిగుసుకోలేదు.

"ఎన్ని రేకలు వేశావు?" అంది రికెల్డా అమ్మ.

"మూడు."

"పుస్తకంలో ఎన్ని ఉన్నాయి?"

బెన్వెనూతా ఆ చేతిని జాగ్రత్తగా బూడిద మీద పెట్టింది.

"దాంట్లో ఏమీ లేదమ్మా. ఒట్టు పెట్టించింది మీరే గదా."